నేను రిపబ్లికన్‌నే, అయినా మరణశిక్ష వద్దంటున్నా. తిట్టే ముందు చదవండి

ఫ్రిస్కో_శ్రీను

ముందే చెప్పేస్తున్నా, నేను లిబరల్‌ని కాదు. టెక్సస్ వచ్చి 22 ఏళ్ళు. సిటిజన్‌షిప్ వచ్చాక వేసిన ప్రతి ఓటూ రిపబ్లికన్లకే. ఇంట్లో గన్ ఉంది, ట్యాక్సులు తగ్గించమంటాను, ప్రతి ఆదివారం మా ఆవిడ తమ్ముడితో ఫోన్లో ఈ విషయాల మీదే గొడవ పడుతుంటాను. మొన్న ఒక పాట్‌లక్‌లో మాటల మధ్యలో "ఈ మరణశిక్ష తీసేస్తే మంచిది" అన్నాను, అంతే. పది నిమిషాల్లో నేను పార్టీ మారిపోయానని తేల్చేశారు. బిర్యానీ చల్లారిపోయింది కానీ నేను చెప్పేది ఎవరూ పూర్తిగా వినలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా, ఇక్కడైతే మధ్యలో అడ్డుపడలేరు కదా.

నా గ్రీన్‌కార్డ్ టైములో ఒక ఆఫీసు నా ఫైలు రెండుసార్లు పోగొట్టింది. మూడోసారి దొరికింది కానీ అందులో నా పేరు పక్కన మా తమ్ముడి పుట్టినతేదీ ఉంది. అది సరిచేయించడానికి 14 నెలలు పట్టింది. సరిచేయించుకోవడానికి నేను బతికున్నాను కాబట్టి సరిపోయింది! నా పాయింట్ మొత్తం ఇంతే అసలు. మనం కన్సర్వేటివ్‌లం కదా, గవర్నమెంటుకి స్కూళ్ళు నడపడం రాదంటాం, ఆరోగ్యబీమా నడపడం రాదంటాం, రోడ్డు మీద గుంత పూడ్చడం కూడా రాదంటాం. మరి అదే గవర్నమెంటు ఒక మనిషిని మంచం మీద పడుకోబెట్టి కట్టేసి సూది వేసి చంపే పని మాత్రం ఏ తప్పూ లేకుండా చేసేస్తుందని ఎలా నమ్ముతున్నాం? నాకైతే అర్థం కావట్లేదు.

నన్ను మార్చింది రాబర్సన్ కేసు. టెక్సస్‌లో పాలస్తీన్ అనే చిన్న ఊరు, 2002లో అతని రెండేళ్ళ కూతురు చనిపోయింది. తండ్రే గట్టిగా ఊపి చంపాడన్నారు, 2003లో మరణశిక్ష వేశారు. తర్వాత ఆ "షేకెన్ బేబీ" సైన్సు మీదే డాక్టర్లకి అనుమానాలొచ్చాయి, పాపకి న్యుమోనియా ఉందని నిపుణులు చెప్పారు, కూతురు చనిపోయినా అతని మొహంలో బాధ కనబడలేదని అప్పట్లో అన్నారే, అతనికి ఆటిజం ఉందని 2018లో తేలింది. ఆ కేసు దర్యాప్తు చేసిన డిటెక్టివ్ ఇప్పుడు పాస్టర్, "మేం తప్పు చేశాం" అని ఆయనే ఊరూరా చెబుతున్నాడు. 2024 అక్టోబర్ 17న చంపాల్సింది. ఆపడానికి పరిగెత్తింది ఎవరనుకున్నారు? మన ప్లేనో, అలెన్ వైపు రిపబ్లికన్ ప్రతినిధి జెఫ్ లీచ్, ఇంకో డెమొక్రాట్‌తో కలిసి. అతన్ని సాక్షిగా పిలుస్తూ హౌస్ కమిటీ నుంచి సమన్లు పంపారు, చచ్చిపోయినవాడు సాక్ష్యం చెప్పలేడు కదా, ఆ రాత్రి టెక్సస్ సుప్రీంకోర్టు ఆపింది. మళ్ళీ 2025 అక్టోబర్‌కి తేదీ పెట్టారు, వారం ముందు ఇంకో కోర్టు ఆపింది. నేను ఓటేసే రకం మనిషే ఆపాడు అది. అది చూశాక నేను చదవడం మొదలుపెట్టాను.

---

కొత్త_కాపు

అన్నా, టూకీగా చెప్పు, పార్టీ మారావా లేదా 😀

---

ఫ్రిస్కో_శ్రీను

మారలేదురా నాయనా. ట్యాక్సుల థ్రెడ్‌లో నాతో గొడవ పెట్టుకో, తెలుస్తుంది.

---

ఫిల్లీ_మామ

శ్రీను గారూ, మీరు రాసింది బాగానే ఉంది, నేను ఒక్క మాట అడుగుతాను. 2012 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియా దగ్గర కింగ్ ఆఫ్ ప్రష్యాలో ఏం జరిగిందో ఇక్కడ అందరికీ గుర్తుంది. పది నెలల పాపని ఎత్తుకెళ్ళారు, పాపనీ, వాళ్ళ నాయనమ్మనీ చంపేశారు. చేసింది బయటివాడు కాదు, మన తెలుగువాడే, ఆ ఇంటికి తెలిసినవాడే, జూదంలో డబ్బులు పోగొట్టుకుని డబ్బు కోసం చేశాడు. మేం అప్పుడు దగ్గర్లోనే ఉండేవాళ్ళం. పాప ఫోటో ఉన్న కాగితాలు పట్టుకుని నేను, మా ఆవిడ, మా ఆఫీసులో పిల్లలు షాపుల దగ్గర నిలబడి పంచాం. చలి. అప్పటికే పాప లేదని మాకు తెలియదు. మా అబ్బాయికి అప్పుడు సరిగ్గా ఏడాది.

2014లో మరణశిక్ష వేశారు. ఇవాళ్టికీ ఉన్నాడు, మన ట్యాక్సులతో తింటున్నాడు. మీ ఫైలు పోయిన కథ విని నేను నవ్వాను, అబద్ధం చెప్పను. కానీ ఇక్కడ ఏ ఫైలూ పోలేదు. అనుమానమే లేని కేసుల సంగతి చెప్పండి.

---

ఓరుగల్లు_బిడ్డ

మామ చెప్పింది కరెక్ట్. అసలు గింత లేటెందుకు? మా దగ్గర 2019ల దిశ కేసు చూడలే? పది రోజులల్ల అయిపోయింది. జనం పోలీసోళ్ళ మీద పూలు చల్లిండ్రు. ఆడపిల్లల తల్లిదండ్రులకు గదే కావాలె, మీ అప్పీళ్ళు కాదు.

---

లాయర్_పంతులు

ఓరుగల్లు బాబూ, నేను 37 ఏళ్ళు క్రిమినల్ ప్రాక్టీసు చేసినవాడిని, గుంటూరు జిల్లా కోర్టులో గోడలకి కూడా నా దగ్గు తెలుసు. ఆ పూలు నేనూ టీవీలో చూశాను. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పిందో మాత్రం ఎవరూ పూలు చల్లినంత ఉత్సాహంగా చదవలేదు. ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగ్గది కాదంది, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లంది, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపమంది. వాళ్ళు ఆ ఘోరం చేశారా లేదా అని విచారణే జరగలేదు. చేసే ఉండొచ్చు. కానీ మనకి ఎప్పటికీ కోర్టు ద్వారా తెలిసే వీల్లేదు, ఆ అమ్మాయి తల్లిదండ్రులకి కూడా.

---

ఓరుగల్లు_బిడ్డ

సార్, మీరు పెద్దోరు, మీతోని కొట్లాడను. కానీ మీ బిడ్డయితే గిట్లనే అంటరా?

---

లాయర్_పంతులు

అనను. నా బిడ్డయితే నేనే కత్తి పట్టుకుని వెళతాను. అందుకే బాబూ, కన్నతండ్రిని ఆ కుర్చీలో జడ్జిగా కూర్చోబెట్టరు.

---

ఓమహా_లక్ష్మి

ఇప్పుడే చూశాను ఈ థ్రెడ్. శ్రీను గారూ, మీరు టెక్సస్ గురించి రాశారు, కానీ అసలు ఈ "కన్సర్వేటివ్‌లు వద్దన్నారు" కథ మా నెబ్రాస్కాది. అది రాయకుండా ఎలా వదిలేశారు?

తెలియనివాళ్ళకి: మా దగ్గర చట్టసభ ఒకటే, 49 మంది, పేరుకి పార్టీలుండవు కానీ ఎక్కువమంది రిపబ్లికన్లే. ఒమాహా నుంచి ఎర్నీ ఛేంబర్స్ అని ఒక పెద్దాయన ఉండేవారు, ఆయన 1970ల నుంచి మరణశిక్ష రద్దు చేయాలని బిల్లు పెడుతూనే ఉన్నారు, ఓడిపోతూనే ఉన్నారు. 2015లో ఒక బ్యాచ్ రిపబ్లికన్లు ఆయనతో కలిశారు. మే నెలలో బిల్లు పాసైంది, గవర్నర్ రికెట్స్ వీటో చేశారు, మర్నాడే 30-19తో ఆ వీటోని కొట్టేశారు. వీటో దాటాలంటే సరిగ్గా 30 కావాలి. ఒక్క ఓటు తగ్గినా పోయేది. లింకన్ నుంచి కోల్బీ కోష్ అని ఒక రిపబ్లికన్ సెనేటర్, ఆయన ఎందుకు మారాడో చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తు. 1994లో కాలేజీ కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకడికి శిక్ష అమలు చేస్తున్న రాత్రి జైలు బయటికి చూడ్డానికి వెళ్ళాడట. ఒకవైపు జనం పార్టీ చేసుకుంటూ కొత్త సంవత్సరానికి లెక్కపెట్టినట్టు అంకెలు లెక్కపెడుతున్నారు, ఇంకోవైపు కొందరు కొవ్వొత్తులతో ప్రార్థన చేస్తున్నారు. తను ఆ పార్టీ వైపు నిలబడ్డాడు. ఆ తర్వాత దానికి సిగ్గుపడ్డాడు.

ఇక నా సంగతి. 2016లో దీని మీద జనం ఓటు పెట్టారు. గవర్నర్ తన సొంత డబ్బు కూడా పెట్టాడు దానికి. 61 శాతం మంది మరణశిక్ష వెనక్కి రావాలన్నారు. అందులో నేనూ ఒకదాన్ని.

(బ్యాలెట్ కూడా భలే ఉంది. "రిటైన్" అంటే రద్దు చట్టాన్ని ఉంచమని, అంటే శిక్ష వద్దని. "రిపీల్" అంటే రద్దుని రద్దు చేయమని, అంటే శిక్ష కావాలని. మా పక్కింటావిడ తలకిందులుగా వేసొచ్చి సాయంత్రం నెత్తీనోరూ కొట్టుకుంది.)

---

ఫ్రిస్కో_శ్రీను

లక్ష్మి గారూ, మీ నెబ్రాస్కా గురించే రెండో పోస్టు రాస్తున్నా, మీరు ముందే వచ్చేశారు 🙂 ఒకటి అడగొచ్చా, మీరెందుకు కావాలని వేశారు?

---

ఓమహా_లక్ష్మి

మా నాన్న విజయవాడలో ట్యాక్సీ నడిపేవారు. 1979లో ఇక్కడ ఒమాహాలో ఒకడు ఇద్దరు క్యాబ్ డ్రైవర్లని చంపాడు, కొద్ది రోజుల తేడాలో, డబ్బు కోసం. క్యాబ్ డ్రైవర్ దగ్గర ఎంతుంటుందండీ? ఆ కేసు చదివినప్పుడల్లా నాకు రాత్రి రెండింటికి బస్టాండ్ దగ్గర బేరం కోసం నిలబడే మా నాన్నే కనబడేవారు. అందుకే వేశాను.

వాడికి 1980లో శిక్ష పడింది. అమలైంది 2018 ఆగస్టులో. 38 ఏళ్ళు. చివరికి వాడే అప్పీళ్ళు మానేసి కానివ్వండి అన్నాడు. ఆ రోజు నాకు ఏదో తీరినట్టు ఉంటుందనుకున్నాను. ఆఫీసులో ఉన్నాను, ఫోన్లో వార్త వచ్చింది, చూశాను, లంచ్‌కి వెళ్ళాను. ఏమీ లేదు. ఎందుకు లేదో నేనింకా ఆలోచిస్తున్నాను, ఇది వాదన కాదు.

---

ఫ్రిస్కో_శ్రీను

సరే, నేను చెప్పాలనుకున్న అసలు కథ. ఇది చదివి కూడా మీరు మరణశిక్ష ఉండాలంటే నేను గొడవపడను.

బియాట్రిస్ అని నెబ్రాస్కాలో ఒక చిన్న ఊరు, గేజ్ కౌంటీ. 1985 ఫిబ్రవరిలో 68 ఏళ్ళ ఒక ముసలావిడని ఆవిడ అపార్ట్‌మెంట్‌లోనే పాడుచేసి చంపారు. నాలుగేళ్ళు ఎవరూ దొరకలేదు. తర్వాత పందుల పెంపకం చేసుకుంటున్న ఒక మాజీ పోలీసు ఈ కేసు నేను తేలుస్తానని బయల్దేరాడు, షెరీఫ్ ఆఫీసులో చేరాడు, ఆరుగురిని పట్టుకున్నాడు. పేదోళ్ళు, తాగుడు, మానసిక సమస్యలు ఉన్నవాళ్ళు. ఇక్కడ్నుంచి జాగ్రత్తగా చదవండి. "ఒప్పుకో, లేకపోతే ఎలక్ట్రిక్ చైర్" అని బెదిరించారు. మాకేం గుర్తులేదు మొర్రో అన్నవాళ్ళకి షెరీఫ్ ఆఫీసుకి పనిచేసే సైకాలజిస్టు ఏం చెప్పాడో తెలుసా, మీరు ఆ జ్ఞాపకాన్ని అణిచేసుకున్నారు, కలల్లో గుర్తొస్తుంది అన్నాడు. నిజంగానే కొందరికి కలలొచ్చాయి! కొందరు తామే ఆ పని చేశామని ఎన్నో ఏళ్ళు మనస్ఫూర్తిగా నమ్మారు. ఆరుగురిలో ఐదుగురు తలొగ్గి శిక్షకి ఒప్పుకున్నారు. ఒక్కడు మాత్రం ఒప్పుకోలేదు, మిగతావాళ్ళ సాక్ష్యంతో అతనికి యావజ్జీవం పడింది.

ఆ ఒప్పుకోనివాడే డీఎన్ఏ పరీక్ష కావాలని పోరాడి సాధించాడు. 2008లో రిపోర్టు వచ్చింది. ఆరుగురిలో ఒక్కడిది కూడా కాదు. అది 1985లోనే పోలీసులు అనుమానించి, ల్యాబ్ రక్తపరీక్ష తప్పుగా చేయడంతో వదిలేసిన ఇంకొకడిది. వాడు 1992లోనే చచ్చిపోయాడు. ఆరుగురి జైలు ఏళ్ళు కలిపితే 70 పైనే.

మామా, మీరు "అనుమానమే లేని కేసులు" అన్నారు కదా. బియాట్రిస్‌లో ఐదుగురు కోర్టులో నిలబడి శిక్షకి తలొంచారు. అంతకంటే అనుమానం లేని కేసు ఎక్కడుంటుంది? జడ్జికి లేదు, జ్యూరీకి లేదు, ఊళ్ళో ఎవరికీ లేదు. చివరికి ఆ చేశామన్నవాళ్ళకే లేదు!

ఇంకొకటి. మరణశిక్ష ఉంటే బేరం కుదురుతుంది, నేరస్థుడు భయపడి ఒప్పుకుంటాడు, ట్రయల్ ఖర్చు మిగులుతుంది అని మనవాళ్ళు చెబుతుంటారు. ఆ భయం నేరం చేసినవాడి మీద పనిచేసినట్టే చేయనివాడి మీద కూడా పనిచేస్తుంది. చేయనివాడి మీద ఇంకా ఎక్కువ పనిచేస్తుందేమో, వాడికి దాచుకోవడానికి ఏమీ లేదు, పోగొట్టుకోవడానికి ప్రాణం ఒక్కటే ఉంది.

---

గోదారి_గాలి

బావుంది కానీ శ్రీను గారూ, ఆరుగురిలో ఎవరూ చావలేదుగా. బయటపడ్డారు. అంటే సిస్టం చివరికి పనిచేసినట్టే.

---

ఫ్రిస్కో_శ్రీను

సిస్టం పనిచేయలేదండీ, ఒక మొండివాడు పనిచేశాడు. అతను కూడా తలొగ్గి ఉంటే ఆ టెస్టు అడిగే దిక్కే లేదు. అతనికి యావజ్జీవం కాకుండా మరణశిక్ష పడి, మన ఓరుగల్లు తమ్ముడు కోరుకున్నట్టు స్పీడుగా అమలైపోయి ఉంటే?

---

ఓమహా_లక్ష్మి

దీనికి తోక కూడా ఉంది, అది కన్సర్వేటివ్‌లకి బాగా తగిలేది. ఆ ఆరుగురూ కేసు వేస్తే 2016లో జ్యూరీ 28 మిలియన్ డాలర్లు ఇవ్వమంది, కౌంటీ ఇవ్వాలి. గేజ్ కౌంటీ జనాభా 22 వేలు. లెక్కేసుకోండి, పసిపిల్లలతో సహా తలకి దాదాపు 1,300 డాలర్లు. ఎక్కడ్నుంచి తెస్తారు? ప్రాపర్టీ ట్యాక్స్ పెంచారు. 1985లో పుట్టని రైతులు కూడా మొక్కజొన్న పొలాల మీద ఏటా కట్టారు. మావారి కొలీగ్‌కి అక్కడ పొలం ఉంది, బిల్లు చూపించి బూతులు తిట్టేవాడు. ఇంగ్లీషులో కాబట్టి వినసొంపుగానే ఉండేది.

ఇంకా నవ్వొచ్చేది, కాదు ఏడుపొచ్చేది చెప్పనా? 2015లో మరణశిక్షకి వాడే సూదిమందు అమెరికాలో దొరకట్లేదని మా గవర్నర్ గారి ప్రభుత్వం కోల్‌కతాలో ఒక డీలర్‌కి 54,400 డాలర్లు కట్టింది. ముందే కట్టింది! దిగుమతి చట్టవిరుద్ధం అని మందుల్ని నియంత్రించే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది, మందు రాలేదు, డబ్బూ తిరిగి రాలేదు. మనం ఇండియాలో ఫ్లాట్ కొనేటప్పుడు కూడా అంత గుడ్డిగా అడ్వాన్స్ ఇవ్వం.

---

కొత్త_కాపు

కోల్‌కతా వాడు ఎవరో కానీ మా వైపు రియల్ ఎస్టేట్‌లో పనికొచ్చేవాడు 😂

---

గోదారి_గాలి

సరదా సరే. ఖర్చు విషయం నాకెప్పుడూ అర్థం కాదు. చంపేస్తే ఖర్చు తగ్గాలి కదా, 40 ఏళ్ళు తిండి పెట్టడం కంటే?

---

ఫ్రిస్కో_శ్రీను

అందరూ అదే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. మరణశిక్ష కేసంటే ట్రయల్ రెండు భాగాలు, నేరం చేశాడా అని ఒకటి, చంపాలా వద్దా అని ఇంకోటి. జ్యూరీ ఎంపికకే వారాలు పడుతుంది. ఇద్దరేసి లాయర్లు, నిపుణులు, ముద్దాయి పేదవాడు కాబట్టి రెండు వైపుల ఖర్చూ మనదే. తర్వాత స్టేట్ కోర్టులు, ఫెడరల్ కోర్టులు. కాలిఫోర్నియాలో ఒక ఫెడరల్ జడ్జి, ఒక లా ప్రొఫెసర్ కలిసి 2011లో లెక్క తీశారు. 1978 నుంచి 4 బిలియన్ డాలర్లు ఖర్చు, అమలైనవి 13. ఒక్కోదానికి 300 మిలియన్లు పైనే. ఏ ప్రోగ్రాం మీదైనా ఇలాంటి లెక్క వస్తే మనం రోడ్డెక్కి మూసేయమంటాం. దీని మీద మాత్రం నోరెత్తం.

అప్పీళ్ళు తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ 1973 నుంచి అమెరికాలో మరణశిక్ష పడ్డాక నిర్దోషులుగా బయటికొచ్చినవాళ్ళు కనీసం 200 మంది. వాళ్ళలో చాలామంది శిక్ష పడిన ఎన్నో ఏళ్ళకి కానీ బయటపడలేదు. ఆ ఏళ్ళు తగ్గిస్తే ఏం జరుగుతుందో మీరే చెప్పండి.

ఇల్లినాయ్‌లో జార్జ్ రయన్ అని రిపబ్లికన్ గవర్నర్, మరణశిక్షకి మద్దతిచ్చినవాడే. 1977లో శిక్ష తిరిగొచ్చినప్పటి నుంచి వాళ్ళు చంపింది 12 మందిని, తప్పు జరిగిందని వదిలేసింది 13 మందిని. 2000లో ఆపేశాడు, దిగిపోయే ముందు 167 మంది శిక్షలు తగ్గించాడు.

---

గోదారి_గాలి

ఆ రయన్ గారు తర్వాత అవినీతి కేసులో జైలుకెళ్ళారు కదా? మంచి సాక్షిని తెచ్చారు.

---

ఫ్రిస్కో_శ్రీను

వెళ్ళాడు, నిజమే, ఒప్పుకుంటున్నా. 12, 13 అంకెలు మాత్రం ఆయన జైలుకెళ్ళినా మారలేదు.

---

ఫిల్లీ_మామ

నేను రెండ్రోజులు రాయలేదు. కోపం వచ్చింది, అందుకే.

శ్రీను గారూ, బియాట్రిస్ కథ చదివాను, రెండుసార్లు. తప్పు జరుగుతుందని మీరు నిరూపించారు, సరే. నేను తప్పు జరిగిన కేసుల గురించి అడగలేదు. మా దగ్గర జరిగినదాంట్లో వాడు రాసిన ఉత్తరం ఉంది, పాప ఎక్కడుందో వాడే చూపించాడు. నిర్దోషుల కోసం దోషిని కూడా వదిలేయమంటున్నారు మీరు. నా మనసు ఒప్పుకోదు.

---

ఫ్రిస్కో_శ్రీను

మామా, వదిలేయమనట్లేదు. పెరోల్ లేని జీవితఖైదు. టెక్సస్‌లో 2005 నుంచి ఉంది. మీ పెన్సిల్వేనియాలో అయితే యావజ్జీవం అంటే మామూలుగా పెరోల్ లేనిదే. శవంగానే బయటికి రావాలి.

ఇంకో మాట, కష్టంగా ఉంటుంది, క్షమించండి. పెన్సిల్వేనియాలో 1976 తర్వాత శిక్ష అమలు చేసింది ముగ్గురికే. ముగ్గురూ తామే అప్పీళ్ళు వదిలేసుకున్నవాళ్ళు. ఆఖరిది 1999. 2015 నుంచి గవర్నర్లు అసలే ఆపేశారు, ఇప్పుడున్న షపిరో కూడా సంతకం పెట్టనన్నాడు. మీరు చెప్పిన కేసులో 2018 ఫిబ్రవరికి తేదీ పెట్టారు, ఆగిపోయింది. అంటే ఆ కుటుంబానికి ప్రభుత్వం 2014లో ఒక మాట ఇచ్చింది, అది నిలబెట్టుకునే ఉద్దేశం దానికి లేదు. తేదీ అన్నప్పుడల్లా మళ్ళీ పేపర్లో ఫోటో, మళ్ళీ ఫోన్లు. ఆ రోజే జీవితఖైదు వేసి తలుపు మూసేసి ఉంటే వాడి పేరు మనం ఈపాటికి మర్చిపోయేవాళ్ళం. వాడి పేరు ఇంకా గుర్తుండటమే నాకు నచ్చదు.

---

ఫిల్లీ_మామ

పేరు మర్చిపోవాలన్నది నిజం. మిగతాది నాకు తెలియదు.

---

లాయర్_పంతులు

అమెరికా మాటే కాదండి. మా గుంటూరు జిల్లాది ఒకటి చెబుతాను. 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీ. ఇద్దరు కుర్రాళ్ళు, పెట్రోలు పోసి బెదిరించి దోచుకుందామనుకున్నారు, మంటలు లేచాయి, 23 మంది కాలిపోయారు. నేను ఆ కేసులో లేను కానీ కోర్టు ఆవరణలో ఆ రోజుల వేడి తెలుసు. చలపతిరావు, విజయవర్ధనరావు. ఇద్దరూ దళితులు, చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్ళు. ఉరిశిక్ష పడింది, సుప్రీంకోర్టు ఖాయం చేసింది, రాష్ట్రపతి శర్మ గారు క్షమాభిక్ష కాదన్నారు, 1997లో తేదీ కూడా పెట్టేశారు. చివరి గంటల్లో ఆగింది. రచయిత్రి మహాశ్వేతాదేవి లాంటివాళ్ళు పట్టుబట్టారు, 1998లో కె.ఆర్. నారాయణన్ గారు జీవితఖైదుగా మార్చారు. వీళ్ళు నిర్దోషులని నేను అనట్లేదు. 23 మంది పోయారు. కానీ ఒక రాష్ట్రపతి కాదన్నదాన్ని ఇంకో రాష్ట్రపతి సరేనన్నారు. ఫైలు ఏ ఏడాది ఎవరి బల్ల మీదికి వెళ్ళిందన్నదాని మీద మనిషి ప్రాణం ఆధారపడింది. దీన్ని చట్టం అంటామా, జాతకం అంటామా?

రాజస్థాన్‌లో 1996లో ఒకణ్ణి ఉరితీశారు. 2009లో సుప్రీంకోర్టే ఆ కేసులో శిక్ష వేసిన పద్ధతి చట్టప్రకారం తప్పని ఒప్పుకుంది. పదమూడేళ్ళు ఆలస్యంగా. ఇంకోటి మహారాష్ట్రది, ఆరుగురు సంచారజాతి మనుషులు, 2009లో సుప్రీంకోర్టే ఆరుగురికీ ఉరి ఖాయం చేసింది, 2019లో అదే సుప్రీంకోర్టు అసలు వీళ్ళు చేయనేలేదని వదిలేసి తలకి 5 లక్షలు ఇప్పించింది. పదహారేళ్ళు జైల్లో ఉన్నారు. బాబూ శ్రీనూ, నీ బియాట్రిస్‌లోనూ ఆరుగురే కదా.

నేను నీలాగా కన్సర్వేటివ్‌ని కాదో, అవునో నాకు తెలియదు. పొద్దున్నే సంధ్యావందనం చేస్తాను, పాత పద్ధతులంటే ఇష్టం, ఆ లెక్కన అవునేమో. ఈ వాదన కొత్తది కూడా కాదు. శాంతిపర్వంలో ద్యుమత్సేనుడు దొంగల్ని చంపకపోతే రాజ్యం ఎలా నిలబడుతుందంటాడు. ఆయన కొడుకు సత్యవంతుడు, సావిత్రి మొగుడే, ఒప్పుకోడు. ఒకణ్ణి చంపితే వాడి భార్యని, తల్లిదండ్రుల్ని, పిల్లల్ని కూడా చంపినట్టే నాన్నా అంటాడు. యముడి దగ్గరికి వెళ్ళొచ్చినవాడు చెబుతున్న మాట అది.

---

ఓరుగల్లు_బిడ్డ

సార్, ఆఖరి లైను బాగ కొట్టిండ్రు. నేను మారలేదు గని, ఆ ముగ్గురు మైనర్ల సంగతి నాకు నిజంగ తెల్వదు. గా రిపోర్టు చదువుత.

---

అడ్మిన్_వాణి

థ్రెడ్ ఇంతవరకూ మర్యాదగా నడిచింది, థ్యాంక్స్. రెండు పోస్టులు తీసేశాను, కులం పేరుతో తిట్టినవి. ప్రాపర్టీ ట్యాక్స్ గురించి కొట్టుకునేవాళ్ళు దయచేసి దానికి వేరే థ్రెడ్ పెట్టుకోండి.

---

గోదారి_గాలి

శ్రీను గారూ, నేను మెకినీలో ఉంటాను. మీ మాట పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ ఆ రాబర్సన్ కేసులో ఎవరికైనా ఫోన్ చేయాలంటే ఎవరికి? గవర్నర్‌కా?

---

ఫ్రిస్కో_శ్రీను

గవర్నర్ తనంతట తాను 30 రోజులు మాత్రమే ఆపగలడు, అంతకు మించి ఏం చేయాలన్నా పెరోల్ బోర్డు సిఫారసు కావాలి. కేసు ప్రస్తుతం కోర్టు చేతుల్లో ఉంది కాబట్టి ఇప్పుడు ఫోన్ వల్ల పెద్దగా ఒరిగేది లేదు. చట్టం మారాలంటే మీ స్టేట్ ప్రతినిధికి చేయండి. టెక్సస్ లెజిస్లేచర్ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరంలో జనవరి నుంచి 140 రోజులే కూర్చుంటుంది. నేను చేశాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా నా పేరు స్పెల్లింగ్ అడిగి రాసుకుంది. మళ్ళీ చదివి వినిపించమన్నాను. మా తమ్ముడి పేరు రాయలేదు కదా అని.